నొప్పికి పేరు దొరికిన కథ: ఫైబ్రోమయాల్జియా, పిలాటీస్ వ్యాయామం

మన సంఘం సమావేశాలలో పెన్షన్ సవరణ, కరువు భత్యం బకాయిల తరువాత ఎక్కువగా వినిపించే మాట నొప్పులు. ఒకరికి మోకాళ్ళు, ఒకరికి నడుము, మరొకరికి మెడ. ఎక్స్‌రే తీస్తే అరుగుదల కనిపిస్తుంది. డాక్టరు గారు దానికో పేరు చెబుతారు. పేరు తెలిస్తే రోగికి సగం ఊరట. కాని కొందరికి ఒళ్ళంతా నొప్పే. ఎక్స్‌రేలో ఏమీ ఉండదు, రక్తపరీక్షలో ఏమీ ఉండదు. రాత్రి ఎంతసేపు పడుకున్నా, తెల్లవారి లేచేసరికి బస్తాలు మోసినంత అలసట. అటువంటి వారి బాధ రెండింతలు. నొప్పి ఒకటి, దానిని ఎవరూ నమ్మకపోవడం మరొకటి.

ఆ రెండో బాధ కలిగించినవారిలో నేనూ ఒకడిని. మా ఆవిడ ఏళ్ళ తరబడి ఈ నొప్పులతో అవస్థ పడుతుంటే, రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినప్పుడల్లా "చూశావా, నీకేమీ లేదు" అనేవాణ్ణి. ధైర్యం చెబుతున్నానని నా ఉద్దేశం. ఆమెకు అది నిందగా వినిపించిందని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు. చివరకు ఒక కీళ్ళవాత నిపుణురాలు ఆ బాధకు ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పి, మందులతో పాటు వ్యాయామం కూడా రాశారు. ఫిజియోథెరపిస్టు నేర్పినది పిలాటీస్. రెండు పేర్లూ మాకు కొత్తవే. వాటి వెనుక ఉన్న చరిత్రను నేను చదివి తెలుసుకున్నంతవరకు సభ్యుల ముందు ఉంచుతున్నాను.

తప్పు పేరుతో మొదలు

1904లో లండన్‌లో సర్ విలియం గోవర్స్ అనే ప్రసిద్ధ నరాల వైద్యుడు నడుము నొప్పి గురించి ఒక ఉపన్యాసం ఇచ్చారు. కండరాలలోని నారపొరలు వాచడం వల్లనే ఇటువంటి నొప్పులు వస్తాయని భావించి, దానికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టారు. వైద్యభాషలో "ఐటిస్" అని చివర వస్తే వాపు అని అర్థం. అదే సంవత్సరం గ్లాస్గోలో స్టాక్‌మన్ అనే వైద్యుడు రోగుల కండరాల ముక్కలలో వాపును చూశానని ప్రకటించడంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

కాని తరువాత ఎవరెవరు పరీక్షించినా ఆ వాపు కనిపించలేదు. వాపు లేకపోతే జబ్బే లేదన్న ఆలోచన వైద్యులలో బలపడింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, అమెరికా సైనిక వైద్యులు ఇటువంటి నొప్పులతో వచ్చిన సైనికులను పరిశీలించి, వీటిలో చాలావాటికి మూలం మనసులో ఉందంటూ "మానసిక కీళ్ళవాతం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇళ్ళలో మనం "అంతా నీ భ్రమ" అనే మాటకు అది వైద్యభాషలోని రూపమే. పేరు పెట్టడంలో జరిగిన ఒక్క పొరపాటు రోగుల మాటకు విలువ లేకుండా చేసింది.

నమ్మకం తిరిగి వచ్చిన విధం

ఈ పరిస్థితి 1970ల నుంచి మారసాగింది. కెనడాలోని టొరాంటోలో మోల్డాఫ్‌స్కీ, స్మైత్ అనే వైద్యులు 1975లో ఒక చిత్రమైన పరిశోధన ప్రకటించారు. ఈ రోగులకు గాఢనిద్ర సరిగా పట్టడం లేదని వారు గమనించారు. అంతటితో ఆగక, ఆరోగ్యంగా ఉన్న కొందరిని పూర్తిగా మేలుకొలపకుండానే గాఢనిద్రకు మాత్రం వరుసగా అంతరాయం కలిగించారు. కొద్ది రోజులలోనే వారికీ ఒళ్ళు నొప్పులు, నొక్కితే బాధ మొదలయ్యాయి. ఎనిమిది గంటలు పడుకున్నా అలసట తీరడం లేదని రోగులు చెబుతూ వచ్చిన మాట నిజమని దీనితో తేలింది.

1976లో అమెరికా వైద్యుడు ఫిలిప్ కాలర్ హెంచ్, లేని వాపును సూచించే పాత పేరును వదిలి, ఫైబ్రోమయాల్జియా అనే పేరు వాడారు. నారపొరలలోను, కండరాలలోను నొప్పి అని మాత్రమే దాని అర్థం. 1981లో డాక్టర్ యూనస్ బృందం 50 మంది రోగులను అంతమంది ఆరోగ్యవంతులతో పోల్చి, ఈ జబ్బుకు ప్రత్యేకమైన లక్షణాలు ఉన్నాయని చూపింది. 1990లో అమెరికా కీళ్ళవాత వైద్యుల కళాశాల నిర్ధారణ నియమాలు ప్రకటించింది. శరీరమంతటా మూడు నెలలకు తక్కువ కాకుండా నొప్పి ఉండాలి. మెడ వెనుక, భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్ళ లోపలి వైపు మొదలైన 18 చోట్ల సుమారు 4 కిలోల ఒత్తిడితో వేలితో నొక్కితే, కనీసం 11 చోట్ల నొప్పి రావాలి. వేలితో ఇలా లెక్కించే పద్ధతిని 2010 నియమాలలో తొలగించి, నొప్పి ఎన్ని భాగాలలో ఉంది, అలసట, నిద్ర, జ్ఞాపకం ఎలా ఉన్నాయి అన్న ప్రశ్నలకు ప్రాధాన్యం ఇచ్చారు. అంటే రోగి చెప్పే మాటే ముఖ్యమైన ఆధారమైంది.

మధ్యలో 2002లో మరొక మేలి మలుపు వచ్చింది. గ్రేస్లీ బృందం రోగుల బొటనవేలి గోటిపై ఒత్తిడి కలిగిస్తూ మెదడు చిత్రాలు తీసింది. ఆరోగ్యవంతులకు బాధ కలగాలంటే చాలా గట్టిగా నొక్కవలసి వచ్చింది. రోగులకు మెల్లగా నొక్కినా మెదడులో అటువంటి స్పందనే కనిపించింది. రేడియోలో ధ్వని పెంచే మీట పైకి తిప్పి అక్కడే బిగిసిపోయినట్లు, వీరి నాడీవ్యవస్థ నొప్పి సంకేతాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది. నొప్పి కండరంలో కనిపించకపోయినా కల్పితం మాత్రం కాదు. జనాభాలో నూటికి 2 నుంచి 4 మందికి ఈ జబ్బు ఉంటుందని సాధారణంగా అంచనా. స్త్రీలలో ఎక్కువ. పురుషులకూ వస్తుంది.

నిర్బంధ శిబిరంలో పెరిగిన వ్యాయామం

ఇక రెండో పేరు సంగతి. పిలాటీస్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. జోసెఫ్ పిలాటీస్ 1883లో జర్మనీలోని మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ పట్టణంలో జన్మించారు. చిన్నతనంలో ఉబ్బసం, ఎముకల బలహీనత, కీళ్ళ జ్వరం ఆయనను పీడించాయని జీవితచరిత్రలు చెబుతాయి. బలహీనుడైన ఆ కుర్రవాడు పట్టుదలతో కసరత్తు చేసి దేహదారుఢ్యం సంపాదించాడు. తరువాత ఇంగ్లండు చేరి బాక్సర్‌గా, సర్కస్ కళాకారుడుగా జీవించాడు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం రాగానే, శత్రుదేశీయుడన్న కారణంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని నాకలో శిబిరంలో అప్పట్లో 20 వేలకు పైగా నిర్బంధితులు ఉండేవారు. చేయడానికి పని లేక, ఎప్పుడు విడుదలో తెలియక, మనుషులు కుంగిపోయే చోటు అది. అక్కడ పిలాటీస్ తన వ్యాయామాలను తోటివారికి నేర్పారు. మంచం పట్టినవారి కోసం మంచాలకే స్ప్రింగులు కట్టి, పడుకునే కాళ్ళూ చేతులూ ఆడించేలా ఏర్పాటు చేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. దానిని కథగానే తీసుకున్నా, తరువాత ఆయన తయారుచేసిన యంత్రాలలో మంచం పోలిక, స్ప్రింగుల వాడకం స్పష్టంగా కనిపిస్తాయి.

1926లో ఆయన అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో ఎనిమిదో అవెన్యూలో క్లారాతో కలిసి వ్యాయామశాల నడిపారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు "కంట్రాలజీ", అంటే శరీరాన్ని మనసు అదుపులో ఉంచే విద్య. జార్జ్ బాలన్‌షీన్, మార్తా గ్రాహమ్ వంటి నాట్యాచార్యులు ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. కాలు బెణికిన, నడుము పట్టిన నర్తకులు అక్కడికి వెళ్ళి కోలుకునేవారు. 1945లో వెలువడిన ఆయన పుస్తకంలో నేలమీద చేసే 34 వ్యాయామాలు ఉన్నాయి. 1967లో ఆయన మరణించారు. ఫైబ్రోమయాల్జియా అనే పేరు ఆ తరువాత తొమ్మిదేళ్ళకు వచ్చింది. తన వ్యాయామం ఈ జబ్బువారికి పనికివస్తుందని ఆ మహానుభావుడికి తెలిసే అవకాశమే లేదు.

ఆయన తరువాత శిష్యులు ఈ విద్యను నిలబెట్టారు. పిలాటీస్ అనే పేరు ఒక వ్యాపారచిహ్నమని, తమకు తప్ప ఇతరులకు హక్కు లేదని ఒక సంస్థ వాదించగా, 2000లో అమెరికా న్యాయస్థానం అది యోగా, కరాటే వంటి సాధారణ నామమేనని తీర్పు చెప్పింది. దానితో ఎవరైనా ఆ పేరు చెప్పి నేర్పే వీలు కలిగింది. అంతకుముందే 1996లో ఆస్ట్రేలియాలో హాడ్జెస్, రిచర్డ్‌సన్ అనే ఫిజియోథెరపీ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. చేయి ఎత్తడానికి ముందే పొట్టలోపలి పొరలోని కండరం బిగుసుకుని వెన్నుకు ఆసరా ఇస్తుంది. నడుము నొప్పి ఉన్నవారిలో అది ఆలస్యమవుతుంది. పిలాటీస్ మొదటి పాఠం ఆ కండరాన్ని మేల్కొలపడమే కనుక, ఫిజియోథెరపిస్టుల దృష్టి ఇటు మళ్ళింది.

రెండు దారులు కలిసిన చోటు

నొప్పి ఉన్నవారికి విశ్రాంతే మందని ఒకప్పటి నమ్మకం. 1988లో కెనడాలో మెక్‌కెయిన్ బృందం 42 మంది రోగులను రెండు జట్లుగా చేసి 20 వారాలు పరిశీలించినప్పుడు, గుండె వేగం పెంచే వ్యాయామం చేసినవారికే ఎక్కువ మేలు కనిపించింది. 2007 నుంచి 2009 లోపల అమెరికాలో మూడు మందులకు ఈ జబ్బు కోసం అనుమతి లభించింది. అవి కొందరికి పనిచేస్తాయి, అందరికీ కాదు. 2017లో ఐరోపా కీళ్ళవాత నిపుణుల సంఘం చికిత్సలన్నింటినీ తూచి చూసి, బలంగా సిఫారసు చేసినది ఒక్క వ్యాయామాన్నే.

పిలాటీస్ విషయానికి వస్తే, 2009లో టర్కీలోని బుర్సా నగరానికి చెందిన ఆల్తాన్ బృందం సుమారు 50 మంది స్త్రీలపై జరిపిన అధ్యయనం చెప్పుకోదగినది. ఒక జట్టు 12 వారాలు, వారానికి మూడుసార్లు, గంట చొప్పున శిక్షకురాలి దగ్గర పిలాటీస్ చేసింది. మరొక జట్టు ఇంట్లో సడలింపు, సాగదీత వ్యాయామాలు చేసింది. 12 వారాలకు మొదటి జట్టువారి నొప్పి, రోజువారీ ఇబ్బంది బాగా తగ్గాయి. అయితే శిక్షణ ముగిసి మరో 12 వారాలు గడిచేసరికి రెండు జట్ల మధ్య తేడా చెరిగిపోయింది. అభ్యాసం ఆగితే ఫలం కూడా జారిపోతుందని దీని నుంచి గ్రహించాలి. 2020లో బ్రెజిల్ పరిశోధకులు 42 మంది స్త్రీలలో కొందరికి చాపమీద పిలాటీస్, కొందరికి నీటిలో వ్యాయామం నేర్పగా, ఇద్దరికీ సమానంగా మేలు జరిగింది.

మరి మన యోగా మాటేమిటని సభ్యులు అడగవచ్చు. 2010లో అమెరికాలోని ఆరెగన్‌లో 53 మంది స్త్రీలపై జరిగిన అధ్యయనంలో 8 వారాల యోగా కార్యక్రమం కూడా గుణం చూపింది. కనుక పిలాటీస్ ఒక్కటే మార్గమని ఎవరూ అనుకోనక్కరలేదు. దాని సౌలభ్యం ఏమిటంటే, ఎక్కువ భాగం పడుకునే చేయవచ్చు కనుక కీళ్ళమీద బరువు పడదు. శ్వాసతో కలిపి నెమ్మదిగా, కొద్దిసార్లే చేయాలి. ఖరీదైన యంత్రాలు అక్కరలేదు, ఒక జంబుకాణా చాలు.

మన వయసువారికి జాగ్రత్తలు

మొదటిది, ఒళ్ళంతా నొప్పి అయినంత మాత్రాన ఫైబ్రోమయాల్జియా అని సొంతంగా తేల్చుకోరాదు. థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కొలెస్టరాల్ మాత్రలు కూడా నొప్పులు కలిగించవచ్చు. 50 దాటినవారికి హఠాత్తుగా రెండు భుజాలూ, తుంట్లూ ఉదయం పూట బిగుసుకుపోతుంటే అది వేరే జబ్బు కావచ్చు, ఆలస్యం చేయకుండా డాక్టరును చూడాలి.

రెండవది, ఎముకలు గుల్లబారినవారు నడుము ముందుకు వంచి చుట్టుకునే వ్యాయామాలు చేయరాదు. 1984లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇటువంటి స్త్రీలను పరిశీలించినప్పుడు, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో వెన్నుపూసలు కొత్తగా అణగడం చాలా ఎక్కువగా కనిపించింది. వెన్ను నిటారుగా చేసే వ్యాయామాలు చేసినవారిలో అది బాగా తక్కువ. పిలాటీస్ పాత పాఠాలలో చుట్టుకునే భంగిమలు చాలా ఉన్నాయి కనుక, ఈ సంగతి ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పాలి.

మూడవది, బాగున్న రోజున ఉత్సాహంతో ఎక్కువ చేసి, మర్నాడు మంచం పట్టడం ఈ జబ్బువారికి మామూలు. పది నిమిషాలతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి.

మా ఆవిడకు నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. చెడ్డ రోజులు ఇప్పటికీ వస్తాయి. అయితే ఉదయం చాపమీద ఇరవై నిమిషాలు ఆమె మానదు, వంటింట్లో నిలబడే ఓపిక పెరిగింది, రాత్రి కొంత నిద్ర పడుతున్నది. నా వంతు మార్పు కూడా ఒకటి ఉంది. ఆమె "ఈ రోజు బాగాలేదు" అంటే "ఎక్కడ?" అని అడిగి, కాఫీ నేనే కలుపుతున్నాను. సభ్యుల ఇళ్ళలో ఇటువంటి నొప్పితో బాధపడే తల్లి, భార్య, చెల్లెలు, మిత్రుడు ఎవరైనా ఉంటే, వైద్యులు నూరేళ్ళకు పైగా తడబడి నేర్చుకున్న పాఠాన్ని మనం ఈ రోజే అమలుచేయవచ్చు. ముందు వారి మాట నమ్ముదాం. ఆ తరువాత చాప పరుద్దాం.