లినక్స్ డెస్క్‌టాప్ వికాసం: లైసెన్సు వివాదం, పర్యవసానాలు (1996–2000)

1. ఉపోద్ఘాతం

లినక్స్‌ను కంప్యూటర్‌లో స్థాపించుకొనే వ్యక్తికి కె.డి.ఇ., గ్నోమ్ అనే రెండు ప్రధాన డెస్క్‌టాప్‌లు ఎదురవుతాయి. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కేవలం అభిరుచికి సంబంధించిన విషయంగా కనిపిస్తుంది. చారిత్రకంగా పరిశీలిస్తే ఈ ద్వైధానికి మూలం రూపంలో కాక, ఒక లైసెన్సు షరతుల్లో ఉంది. ఆ వివాద క్రమాన్ని, దాని ఫలితాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నేపథ్యం

1984లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్ తెరపై విండోలను చూపే యంత్రాంగాన్ని మాత్రమే సమకూర్చింది. మెనూలు, బటన్లు ఎలా ఉండాలో అది నిర్దేశించలేదు. అందువల్ల ఒక్కో ప్రోగ్రాము ఒక్కో తీరుగా ఉండేది. ఈ లోపాన్ని పూరించడానికి జర్మనీకి చెందిన విద్యార్థి మథియాస్ ఎట్రిచ్ 1996 అక్టోబరు 14న కె.డి.ఇ.ని ప్రతిపాదించాడు.

3. వివాద స్వరూపం

కె.డి.ఇ. నిర్మాణానికి ఆధారం నార్వే సంస్థ ట్రోల్‌టెక్ రూపొందించిన క్యూటీ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రచయితలకు అది ఉచితంగా లభించేది. సోర్స్ కోడ్ చదువుకోవచ్చు. కాని దాన్ని సవరించి ఇతరులకు పంచే హక్కు లేదు. 1997 ఆగస్టులో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా జీటీకే ఆధారంగా గ్నోమ్‌ను ప్రారంభించారు. క్యూటీకి స్వేచ్ఛా ప్రత్యామ్నాయంగా హార్మొనీ అనే మరో ప్రయత్నమూ సాగింది. 1998 అక్టోబరులో డెబియన్ తన భాండాగారం నుంచి కె.డి.ఇ.ని తొలగించింది.

4. పరిష్కారం

ట్రోల్‌టెక్ స్వేచ్ఛా కూర్పును నిలిపివేసినా క్యూటీ అందరికీ దక్కేలా 1998లో ఒక ఫౌండేషన్ ఏర్పడింది. తరువాత వచ్చిన క్యూపీఎల్ లైసెన్సు సవరణలను అనుమతించినా, జీపీఎల్‌తో పొసగలేదు. చివరకు 2000 సెప్టెంబరులో క్యూటీ జీపీఎల్ కింద విడుదలైంది. వివాదం ముగిసినా, రెండు డెస్క్‌టాప్‌లూ నిలిచాయి.

5. ముగింపు

ఒకే పనికి రెండు బృందాలు శ్రమించడం వృథా అనే విమర్శ ఉంది. అది కొంతవరకు నిజమే. అయితే గ్నోమ్ వంటి ప్రత్యామ్నాయం లేకుంటే ట్రోల్‌టెక్‌పై ఆ ఒత్తిడి ఉండేది కాదు. వెల లేనిదంతా స్వేచ్ఛ గలది కాదనే భేదం తెలుగువారికీ వర్తిస్తుంది. గుణింతాలను, ఒత్తులను తెరపై సరిగా కూర్చే పని క్యూటీ, జీటీకే వంటి అంతస్తులలోనే జరుగుతుంది. 2002లో వచ్చిన జీటీకే 2.0 పాంగో ద్వారా భారతీయ లిపులకు ఆ వసతి కల్పించింది. అటువంటి అంతస్తును సవరించి పంచే హక్కు లేనిచోట, ఒక ఒత్తును సరిదిద్దడానికైనా ఆ భాషీయులు సంస్థ అనుమతి కోసం ఎదురుచూడవలసి వస్తుంది. లైసెన్సు చరిత్ర ఆ కారణంగానే భాషా చరిత్రలోనూ భాగమవుతుంది.