ఓడను ముంచినది తుపాను ఒక్కటేనా?

సముద్ర ప్రమాదాల గురించి రాసేటప్పుడు ‘ఓడ మునిగింది’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోవడం మనకు అలవాటు. అందులో నేరమంతా గాలిది, కెరటాలది. మనుషుల ప్రమేయం కనిపించదు. 19వ శతాబ్దపు ఖైదీల ఓడల చరిత్ర చదివితే ఈ అలవాటు ఎంత తప్పో తెలుస్తుంది.

1788 నుంచి 1868 వరకు బ్రిటన్ సుమారు 1,62,000 మందిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరవాసం పంపింది. వారిలో అత్యధికులు చిల్లర దొంగతనాలకు శిక్షపడిన పేదలు. 1790లో వెళ్లిన రెండవ నౌకాదండుకు కాంట్రాక్టర్లు ఓడ ఎక్కించిన తలకింత అని సొమ్ము పుచ్చుకున్నారు. దించిన తలలను లెక్క అడిగినవారు లేరు. సుమారు వెయ్యిమందిలో పాతికవంతు దారిలోనే చనిపోయారు. తరువాత నిబంధనలు మారాయి, ఓడలో వైద్యుణ్ణి నియమించారు, మరణాలు తగ్గాయి. కాని ఖైదీ సరుకుగానే మిగిలాడు.

1833 ఆగస్టు 31న ‘ఆంఫిట్రైట్’ అనే ఓడ ఫ్రాన్సు తీరాన బులోన్ రేవు దగ్గర ఇసుకలో దిగబడింది. అందులో 108 మంది స్త్రీ ఖైదీలు, 12 మంది పిల్లలు ఉన్నారు. అప్పటికింకా పగటి వెలుతురు ఉంది. ఒడ్డు కనుచూపు మేరలోనే ఉంది. ఫ్రెంచి పడవ ఒకటి సాయానికి వచ్చింది. పియెర్ హెనెన్ అనే నావికుడు ఈదుకుంటూ ఓడదాకా వెళ్లి తాడు విసరమని అడిగాడు. కెప్టెన్ ఒప్పుకోలేదు. పోటు వస్తే ఓడ తేలుతుందని అతని ఆశ. పరాయి గడ్డపై దిగితే ఖైదీలు పారిపోతారన్న భయమూ ఉందని ఆనాడే ఆరోపణలు వచ్చాయి. వైద్యుని భార్య ఖైదీలతో ఒకే పడవలో కూర్చోనన్నదని బతికిన నావికులు చెప్పారు. కింద మూసి ఉంచిన స్త్రీలు తలుపులు బద్దలుకొట్టి పైకి వచ్చారు. పోటు వచ్చింది గాని ఓడ తేలలేదు, ముక్కలైంది. ముగ్గురు మిగిలారు. ముగ్గురూ నావికులే. స్త్రీలలో గాని, పిల్లల్లో గాని ఒక్కరూ బతకలేదు.

ఇది ఒక కెప్టెన్ మొండితనమే అనుకోవడానికి వీల్లేదు. రెండేళ్లయినా తిరగకముందే, 1835 మార్చి 12 రాత్రి, ‘మూడవ జార్జి’ ఓడ టాస్మేనియా దగ్గర రాతికి కొట్టుకుంది. ఖైదీలు పైకి రాకుండా సైనికులు తుపాకులు పేల్చారు. చనిపోయిన 133 మందిలో 128 మంది ఖైదీలు. కెరటం మనిషి తరగతి చూసి ముంచదు. ఎవరు ముందు పడవ ఎక్కాలో, ఎవరు తలుపు వెనుక ఉండాలో నిర్ణయించింది పాలకవర్గపు చట్టం.

చిత్రకారుడు టర్నర్ 1835 ప్రాంతంలో చిత్రించిన ‘సముద్రంలో విపత్తు’కు ఆంఫిట్రైట్ ఘటనే ప్రేరణ అని పలువురి అభిప్రాయం. అందులో స్త్రీలూ పిల్లలూ గుంపుగా కెరటాల మధ్య కనిపిస్తారు. ఆ చిత్రం అసంపూర్ణంగానే మిగిలిపోయింది. ఆ విషాదం గురించి మనకు దక్కిన మాటలు నావికులవి, అధికారులవి, పత్రికలవి. ఆ స్త్రీల మాట ఒక్కటీ దక్కలేదు. అందుకే ఇలాంటి ఘటనలను కథగా రాయదలచిన రచయిత తుపానును వర్ణించడంతో ఆగిపోకూడదు. తలుపుకు గడియ ఎవరు పెట్టారో, ఎవరి మేలు కోసం పెట్టారో ముందుగా అడగాలి.