గని అనే ఊరు: 17వ శతాబ్దపు ఇద్దరు వర్తక యాత్రికుల రచనల్లో కొల్లూరు

ప్రస్తావన

పరదేశానికి వెళ్ళినవారిలో తీర్థయాత్రికులు, రాయబారులు, మతప్రచారకులు, వర్తకులు ఎవరి దృష్టితో వారు ఆ దేశాన్ని చూశారు. వీరిలో వర్తకుని స్థితి కొంత భిన్నమైనది. అతడు దేశాన్ని చూడటానికి రాలేదు, పని మీద వచ్చాడు. ఆ పని నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగడం వల్ల దేశాన్ని చూడవలసి వచ్చింది. అందువల్ల అతని రచనలో తూకం, ధర, సుంకం, కూలి వంటి విషయాలు ఇతర యాత్రికుల రచనల్లో కంటే స్పష్టంగా కనిపిస్తాయి. పనికి అక్కరలేనివి చాలావరకు జారిపోతాయి.

గోల్కొండ రాజ్యంలోని వజ్రపు గనులను స్వయంగా చూసి రాసిన ఇద్దరు ఐరోపా వర్తకులు విలియం మెథ్‌వోల్డ్, జాన్ బాప్తిస్త్ టావెర్నియర్. చరిత్రకారులు వీరి రచనలను ఆర్థిక చరిత్రకు ఆధారాలుగా వాడుకున్నారు. వాటిలో తెలుగు మాటలు, తెలుగు నేలపై వినిపించిన కథలు కూడా ఉన్నాయి. ఆ కోణం నుంచి ఈ రెండు రచనలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇద్దరు వర్తకులు

మెథ్‌వోల్డ్ ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలోని కంపెనీ వర్తకస్థానానికి అధికారిగా ఉన్నాడు. కోస్తా అద్దకపు వస్త్రాల కొనుగోలు అక్కడి ప్రధాన వ్యాపారం. ఆ కాలంలోనే అతడు వజ్రపు గనిని చూసివచ్చాడు. గోల్కొండ రాజ్యాన్ని గురించిన అతని రచన 1626లో శామ్యూల్ పర్చాస్ సంకలన గ్రంథంలో వెలువడింది. 1931లో మోర్లాండ్ సంపాదకత్వంలో హక్లూట్ సొసైటీ దానిని తిరిగి ప్రచురించింది.

టావెర్నియర్ 1605లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి దేశపటాల వ్యాపారి. 1630 నుంచి 1668 వరకు తూర్పు దేశాలకు ఆరుసార్లు ప్రయాణించి రత్నాల వ్యాపారం చేశాడు. ఫ్రాన్సు రాజు 14వ లూయీకి అతడు అమ్మిన నీలివజ్రం ప్రసిద్ధమైనది. అతని యాత్రాగ్రంథం 1676లో పారిస్‌లో అచ్చయింది. దాని రచనలో శామ్యూల్ షాప్యుజో సహాయం ఉంది. వాలెంటైన్ బాల్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1889లో దానిని వివరణలతో ఇంగ్లీషులోకి తెచ్చాడు. టావెర్నియర్‌కు ఈ దేశభాషలు రావు. కనుక అతడు విన్న ప్రతి మాటా మరొకరి నోటి మీదుగా వచ్చినదే.

గని, మంజాడి

గోల్కొండకు తూర్పుగా ఏడు రోజుల ప్రయాణదూరంలో ఒక గని ఉందనీ, దానిని దేశభాషలో ‘గని’ అనీ, పారసీలో ‘కూలూర్’ అనీ అంటారనీ టావెర్నియర్ రాశాడు. ఈ ఒక్క వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. తెలుగులో ‘గని’ జాతివాచకం. అతడు దానిని ఊరిపేరుగా భావించాడు. అసలు ఊరిపేరైన కొల్లూరును పారసీ మాటగా తీసుకున్నాడు. ఈ రూపం కృష్ణాతీరంలోని కొల్లూరేనని బాల్ గుర్తించాడు.

పొరపాటుకు కారణాన్ని ఊహించడం కష్టం కాదు. ఎక్కడికి పోతున్నారని అడిగితే కూలివాడు ‘గనికి’ అని చెబుతాడు. రాజాస్థానంలో, సుంకపు లెక్కల్లో పారసీ తెలిసిన ఉద్యోగి ఊరిపేరు చెబుతాడు. పనిచేసేవారి మాట ఒకటి, లెక్క రాసేవారి మాట మరొకటి. అతడు రెంటినీ విని, ఒకే స్థలానికి రెండు భాషల్లో ఉన్న రెండు పేర్లుగా నమోదు చేశాడు. అర్థం తప్పినా ఉచ్చారణ తప్పలేదు. ఆ విధంగా కూలివాని నోటి మాట ఒకటి ఫ్రెంచి గ్రంథంలో చెక్కుచెదరకుండా నిలిచింది.

వజ్రాల తూకానికి అతడు వాడిన ‘మంగెలిన్’ అనే మాట కూడా ఇటువంటిదే. ఇది తెలుగు ‘మంజాలి’, ‘మంజాడి’ రూపాలకు సంబంధించినది. బండిగురివెంద గింజ దీనికి మూలమైన తూకపురాయి. బీజాపూరు రాజ్యంలోని ‘రావోల్కొండ’ గని వద్ద ఒక మంగెలిన్ 1¾ క్యారెట్లకు సమానమనీ, గోల్కొండలో 1⅜ క్యారెట్లేననీ టావెర్నియర్ వేరుచేసి చెప్పాడు. ఊరిపేరు విషయంలో పొరబడినవాడు తూకం విషయంలో ఇంత జాగ్రత్తపడటం గమనించదగినది. ఊరిపేరు తప్పితే నష్టం లేదు, తూకం తప్పితే నష్టముంది.

రెండు పుట్టుక కథలు

గని ఎలా బయటపడిందో ఇద్దరూ చెప్పారు, కాని ఇద్దరి కథ ఒకటి కాదు. మెథ్‌వోల్డ్ విన్న కథలో ఒక మేకల కాపరి కొండల్లో మంద తోలుతూ మెరిసే రాయి ఒకటి చూసి, దాని విలువ తెలియక, కొద్దిపాటి బియ్యానికి మరొకరికి ఇచ్చివేస్తాడు. పుచ్చుకున్నవాడికి కూడా దాని విలువ తెలియదు. అది చేతులు మారి చివరకు తెలిసినవాని వద్దకు చేరుతుంది. టావెర్నియర్ విన్న కథలో ఒక పేదవాడు చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతుండగా దాదాపు 25 క్యారెట్ల రాయి దొరుకుతుంది. అతడు దానిని గోల్కొండకు తీసుకువెళ్ళి వజ్రాల వర్తకునికి చూపుతాడు. వార్త పొక్కి, ధనవంతులు ఆ నేలను తవ్విస్తారు.

వీటిలో ఏది నిజమో తేల్చడం కంటే, రెంటిలోనూ సామాన్యంగా ఉన్న అంశాన్ని గుర్తించడం ముఖ్యం. మొదట రాయిని చూసినవాడు పేదవాడు. అతనికి పేరు లేదు. ఒక కథలో కొద్దిపాటి బియ్యంతో అతని భాగం తీరిపోతుంది. రెండో కథలో అతనికి ఏమి ముట్టిందన్న సంగతి ప్రధానం కాదు, తవ్వకం ధనవంతుల చేతికి పోతుంది. కొన్నేళ్ల ఎడంలో ఇద్దరు పరదేశీయులకు విడివిడిగా దొరికిన ఈ కథలు గని పరిసరాల్లో ప్రచారంలో ఉన్న మౌఖిక కథకు భిన్నపాఠాలై ఉండవచ్చు. అలాగైతే అవి ఆ యాత్రికులు కల్పించినవి కావు, గనిని నిత్యం చూసినవారు తమ స్థితిని గురించి చెప్పుకొన్న మాటలు.

కూలి, కౌలు

అంకెలు ఈ కథలను బలపరుస్తాయి. గనిలో 30,000 మంది పనిచేస్తున్నారని మెథ్‌వోల్డ్ అంచనా. కొల్లూరులో దాదాపు 60,000 మందని టావెర్నియర్ లెక్క. మగవారు తవ్వితే ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు. గోతిలో ఊరిన నీటిని తోడటానికి యంత్రాలు, గిలకలు లేవు. మనుషులే ఒకరిపై ఒకరుగా మెట్లు మెట్లుగా నిలిచి కుండలు అందించుకొనేవారని మెథ్‌వోల్డ్ వర్ణించాడు. ఆ గనిని స్వర్ణకార కులానికి చెందిన మార్కండ అనే వ్యక్తి ఏడాదికి 3,00,000 వరహాల కౌలుకు తీసుకున్నాడనీ, పది క్యారెట్లకు మించిన రాళ్లు సుల్తానువేననీ అతడు తెలిపాడు. రావోల్కొండ గనిలో పనితెలిసిన కూలికి సైతం ఏడాదికి మూడు వరహాలే దక్కేవని టావెర్నియర్ రాశాడు. గనులు వేరు, కాలాలు వేరు. అయినా ఆ కూలి రేటు చొప్పున ఒక్క ఏడాది కౌలు లక్షమంది ఏడాది కూలికి సమానం. రాళ్లు దొంగిలించే కూలివారిని గురించి రాసిన టావెర్నియర్, ఇంత తక్కువ కూలే దానికి కారణమని కూడా గుర్తించాడు.

అతడే కొల్లూరులో తవ్వకం మొదలుపెట్టేముందు జరిగే తంతును వర్ణించాడు. చిన్న విగ్రహాన్ని నిలిపి అందరూ మూడుసార్లు సాగిలపడతారు. పూజారి ప్రతి ఒక్కరి నుదుట ఏడెనిమిది బియ్యపు గింజలు అంటుకొనేంత బొట్టు పెడతాడు. ఆపైన తవ్వించేవాడు నేయి, చక్కెరలతో అన్నం పెడతాడు. దీని అర్థం అతడు చెప్పలేదు. తెలుగు పాఠకునికి ఆ గింజల్లో అక్షతలు, ఆ తంతులో భూమిపూజ పోల్చుకోవడానికి వివరణ అవసరం లేదు.

కావ్యం, యాత్రారచన

కుతుబ్‌షాహీల ఏలుబడిలో తెలుగు కవిత్వానికి ఆదరణ లభించింది. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెనుగు యయాతి చరిత్రను అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. ఇవి భారత కథలను గ్రహించిన కావ్యాలు. గనికూలి వాటికి వస్తువు కాదు. ఆ సంప్రదాయంలో దానిని ఆశించడం కూడా న్యాయం కాదు. అందువల్ల ఆ కాలపు శ్రామిక జీవితానికి సాక్ష్యం వెదికే సాహిత్య చరిత్రకారుడు పరభాషా రచనల వద్దకు పోక తప్పదు. పోయినప్పుడు వాటిని అంకెల పట్టికగా మాత్రమే చదివితే అందులోని తెలుగు గొంతు వినపడదు.

ఉపసంహారం

మెథ్‌వోల్డ్ రాతలో కౌలుదారు పేరు మిగిలింది. వేలాది కూలివారిలో ఒక్కరి పేరూ మిగలలేదు. ఇది యాత్రికుల లోపం మాత్రమే కాదు. పని మీద వచ్చినవానికి తనతో లావాదేవీ ఉన్నవాని పేరు కావాలి, కూలివాని సంఖ్య చాలు. అయినా ఆ సంఖ్యల నడుమ ‘గని’ అనే మాట, మంజాడి తూకం, మేకల కాపరి కథ, దుక్కి తవ్విన పేదవాని కథ మిగిలాయి. ఇవి యాత్రికులు కొన్నవి కావు, పనిలో పనిగా చెవిన పడ్డవి. వారి రచనల్లో తెలుగువారికి నేరుగా చెందే భాగం ఇదే.

కొల్లూరు నేడు పులిచింతల జలాశయపు ముంపులోకి చేరింది. తవ్విన గోతులను వెళ్లి చూసే అవకాశం తగ్గింది. ఈ స్థితిలో రెండు పరభాషా గ్రంథాల్లో నిలిచిన మాటలకు, కథలకు విలువ మరింత పెరుగుతుంది. పల్నాటి కృష్ణాతీర గ్రామాల నుంచి తరలిన కుటుంబాల వద్ద గనిని గురించిన కథలు ఇంకా ఉంటే, వాటిని సేకరించి ఈ రెండు పాఠాలతో పోల్చడం తెలుగు జానపద పరిశోధన చేపట్టవలసిన పని. ఆ సేకరణకు పుస్తకాల కంటే మనుషులే ఆధారం కనుక దానిని వాయిదా వేయడానికి వీలులేదు.