బ్రష్షులో ఏ వెంట్రుక?

నాచారంలోగాని ఉప్పల్ చౌరస్తాలోగాని ఏ జనరల్ స్టోర్‌కి పోయినా గడ్డం గీసుకునే బ్రష్షులు రెండు మూడు రకాలు కనిపిస్తాయి. ప్లాస్టిక్ పోగులది ఒకటి. జంతువుల వెంట్రుకలది ఒకటి. ఒక్కోసారి డబ్బా మీద ‘మిక్స్‌డ్ హెయిర్’ అని రాసింది ఒకటి. ఏ జంతువు వెంట్రుకని ఏ జంతువు వెంట్రుకతో కలిపారో రాయరు. అడిగితే దుకాణం అతనికీ తెలియదు. ‘ఏదైతే ఏంది సాబ్, సబ్బు నురగే గదా’ అంటాడు.

ఏదైతే ఏంది అన్న మాట దగ్గరే నాకు పేచీ. ‘ఇది ఏ జంతువుది?’ అన్న ప్రశ్న ఈ దేశంలో చాలా పాతది. దాన్ని మేం అడిగితే ఛాందసం అన్నారు. అదే ప్రశ్న ఇంకొకరు అడిగితే చట్టమైంది. ఆ తేడా చెప్పడానికే ఈ వ్యాసం. (ముస్లిం అనగానే గడ్డం గుర్తొస్తుంది గనక ముందే చెప్తున్నా, మాలో రోజూ నున్నగా గీసుకునేవాళ్లు తక్కువేం లేరు. గీసుకున్న ఆ ముఖాన్నే నేలకానించి సజ్దా చేస్తాం.)

1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాల మీద పుకారు లేచింది. తూటా కాగితాన్ని పళ్లతో కొరికి చింపాలి. ఆ కాగితానికి పూసిన కొవ్వు ఆవుదనీ పందిదనీ సిపాయిలు అన్నారు. కంపెనీ దొరలు కొవ్వు ఎవరి దగ్గర కొన్నారో, ఏ జంతువుదో సూటిగా చెప్పలేకపోయారు. తర్వాత తేనెమైనం, నెయ్యి మీరే తెచ్చి పూసుకోండన్నారు. అప్పటికే నమ్మకం పోయింది. మా బడి పుస్తకాల్లో ఇదంతా సిపాయిల ‘మూఢనమ్మకం’ అన్నట్టే చదువుకున్నాం. సరుకు ఎక్కడిదో చెప్పలేని కొనుగోలుదారు గురించి అందులో ఒక్క వాక్యం లేదు. ఆ ఏడాది జూలై 17న మన కోఠీ రెసిడెన్సీ మీదికి తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని పోయింది తూటా కొవ్వు కోసం కాదు. కానీ సిపాయిల ప్రశ్న వెనకున్న అపనమ్మకం హైదరాబాదుకి కొత్తది కాదు.

ఇప్పుడు లండన్ సంగతి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మంచి గడ్డం బ్రష్షంటే బ్యాడ్జర్ వెంట్రుకలదే. బ్యాడ్జర్ నేలలో బొరియలు తవ్వుకుని బతికే జంతువు. దాని వెంట్రుక మెత్తన, నీటిని బాగా పట్టుకుంటుంది. యుద్ధం వచ్చేసరికి యూరప్‌లో వెంట్రుకలు వచ్చే దారులు, వాటిని శుద్ధిచేసే కార్ఖానాలు దెబ్బతిన్నాయి. మరోపక్క లక్షలమంది సైనికులకు బ్రష్షులు కావాలి. చైనా, జపాన్‌ల వైపు నుంచి చవక గుర్రపు వెంట్రుకలు వచ్చాయి. వాటికి రంగు వేసి, మధ్యలో నల్లచార తెప్పించి బ్యాడ్జర్ లాగే కనిపించేట్టు చేశారు. అంటే గుర్రాన్ని బ్యాడ్జర్ అని అమ్మారు.

ఆ వెంట్రుకల్లో ఆంథ్రాక్స్ ఉంది. పశువులకొచ్చే ఆ రోగాన్ని మన పల్లెల్లో దొమ్మ రోగం అంటారు. దాని బీజాలు ఏళ్ల తరబడి చావవు. సరిగా శుద్ధి చెయ్యని కొత్త బ్రష్షుతో నురగ పూసుకుని కత్తి పెడితే, చర్మం తెగినచోట రోగం లోపలికి పోయింది. ముఖం మీద, మెడ మీద నల్లటి పుండు లేచేది. కొందరు చచ్చిపోయారు కూడా. 1915 తర్వాత పదేళ్ల కాలంలో ఇంగ్లండ్, అమెరికాల్లో ఇలాంటి కేసులు రెండు వందలకు పైగా లెక్కతేలాయి. వాళ్లలో ఎక్కువమంది అమెరికా సైనికులు. వైద్యాధికారులు బ్రష్షులు తెప్పించి, వెంట్రుకలు పరీక్షించి, సరుకు వచ్చిన దారి వెతికారు. బ్రిటన్ 1919లో ఆంథ్రాక్స్ నివారణ చట్టం చేసింది. 1920లో జపాన్ నుంచి గడ్డం బ్రష్షుల దిగుమతిని నిషేధించింది.

చెయ్యాల్సిన పనే చేశారు. ప్రాణాలు పోతుంటే ఎవరైనా చేస్తారు. నా మాట అది కాదు. ‘నా ముఖానికి తగిలే ఈ వస్తువు ఏ జంతువుది, ఎక్కడిది, ఎవరు శుద్ధి చేశారు?’ అన్నదే ఇద్దరి ప్రశ్నా. సిపాయిది మతం, డాక్టరుది సైన్సు అని విడగొట్టేముందు ఒకటి చూడాలి. రెండుచోట్లా అమ్మినవాడు నోరు విప్పలేదు. కొన్నవాడే మోసపోయాడు.

మిశ్రమం చెయ్యడంలో తప్పేం లేదు. బ్యాడ్జర్ ఒక్కటే అయితే మెత్తగా వాలిపోతుందనీ, ధర ఎక్కువనీ దానికి పందిబొచ్చు కలుపుతారు. పందిబొచ్చు బిరుసు, నురగ తిప్పేటప్పుడు నిలబడుతుంది. గుర్రపుతోక, జూలు వెంట్రుకలు ఈ రెండింటికీ మధ్యస్థం. యూరప్‌లో పేరున్న బ్రష్షు తయారీదార్లు కొందరు ‘బ్యాడ్జర్, పంది’ అని పేర్లు చెప్పే అమ్ముతారు. పేరు చెప్పినంతమాత్రాన వాళ్ల వ్యాపారం మునగలేదు.

మన దేశానికి కూడా ఈ వ్యాపారంలో పెద్ద చరిత్రే ఉంది. కాన్పూర్‌లో ఖటిక్ కులస్తులు పందిబొచ్చు సేకరించి, కడిగి, పొడవు ప్రకారం కట్టలు కట్టే పని చేశారు. ఇంగ్లిషువాళ్ల కాలంలో ఆ సరుకు లండన్ దాకా పోయింది. అంటరానివాళ్లన్న ఆ కులంలో కొందరు ఈ వ్యాపారంతోనే నిలదొక్కుకున్నారు. బిజ్నోర్ జిల్లా షేర్‌కోట్‌లో ఇప్పటికీ బ్రష్షుల తయారీయే ఊరికి బతుకుతెరువు. అది ముస్లింలు ఎక్కువగా ఉన్న పట్నం.

ఇక్కడ నా సెక్యులర్ మిత్రుడొకాయన అడ్డం తగిలాడు. ‘పాక్, నాపాక్ అంటూ మీరూ మడి కట్టుకుంటున్నారు గదా. పందులు పెంచుకుని బతికే ఎరుకలవాళ్ల ముందు ఈ మాట అనగలవా?’ అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. మడి మనిషిని ముట్టుకోవద్దంటుంది. మన పల్లెల్లో మాల మాదిగల తల మీద కత్తి పెట్టని మంగలి దుకాణాలు ఉన్నది మడి వల్లే. నేను మనిషి గురించి అడగడం లేదు, డబ్బు పెట్టి కొన్న వస్తువు గురించి అడుగుతున్నా. బొచ్చు పీకినవాడి పక్కన కూచుని చాయ్ తాగడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ బొచ్చు నా ముఖాన రుద్దుకోవాలా వద్దా అన్నది మాత్రం నా ఇష్టానికే వదలాలి.

పైగా ఇస్లాంలో దీనికి ఒకే జవాబు ఉందనుకోవడం కూడా పొరపాటు. హైదరాబాదులో ఎక్కువమంది హనఫీలు. వాళ్ల ఫిఖ్‌లో పంది తప్ప మిగతా జంతువుల వెంట్రుకలు, జంతువు చచ్చిందైనా సరే, పాక్. వెంట్రుకలో ప్రాణం ఉండదన్నది వాళ్ల తర్కం. మరి పంది? అమ్మకం కూడదు. అయినా చెప్పులు కుట్టేవాడు దారం కొసకు సూదిలా పందివెంట్రుక కట్టుకోవచ్చని ‘హిదాయా’లోనే ఉంది. అవసరం అలాంటిది మరి. మాలికీలైతే కత్తిరించిన పందివెంట్రుకని కూడా నాపాక్ అనరు. మన బార్కస్ అరబ్బులు షాఫయీలు. వాళ్ల లెక్కలో తినగూడని బ్యాడ్జర్ వెంట్రుక కూడా పనికిరాదు. ఒకే బ్రష్షుకి చాంద్రాయణగుట్టకి అటు ఒక జవాబు, ఇటు ఒక జవాబు. ఎవరి జవాబు వాళ్లు చెప్పుకోవాలన్నా ముందు లోపల ఏముందో తెలియాలి.

ఈ తెలుసుకునే హక్కు కోసం ఢిల్లీ హైకోర్టుకు పోయిన కేసు ఒకటుంది, ఓజైర్ హుసేన్ కేసు. సౌందర్య సాధనాల్లో, మందుల్లో జంతువుల పదార్థం ఉంటే కొనేవాళ్లకు తెలియజెయ్యాలన్నది అందులో కోరిక. 2002లో హైకోర్టు ఒప్పుకుంది. ప్రాణరక్షక మందులు తప్ప మిగతావాటి మీద గుర్తు వెయ్యమంది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2014లో కేంద్రం ప్యాకెట్ల నిబంధనల్లో సబ్బు, షాంపూ, పేస్టు, ఇతర సౌందర్య సాధనాల మీద ఆకుపచ్చ చుక్కో, ఎర్ర లేదా గోధుమ చుక్కో పెట్టాలని చేర్చింది. బ్రష్షు పేరు అందులో లేదు. ఉన్నా మా ప్రశ్నకు జవాబు దొరకదు. ఆ చుక్క జంతువా కాదా అన్నంత వరకే చెప్తుంది. మేకా పందీ దానికి ఒకటే. శాకాహారి అడిగే ప్రశ్నకి రంగు దొరికింది. మా ప్రశ్నకి, ఆవు గురించి అడిగే హిందువు ప్రశ్నకి కూడా, రంగు లేదు.

వెంట్రుకను బట్టి జంతువుని పోల్చే విద్య ఎక్కడో లేదు, ఈ ఉప్పల్ రోడ్డు మీదే ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీలో లాల్జీ సింగ్, సునీల్ కుమార్ వర్మ కలిసి 2000ల మొదట్లో ఒక పద్ధతి కనిపెట్టారు. చిన్న నమూనాలోని డీఎన్‌ఏ ముక్కని చదివి అది ఏ జాతి జంతువుదో చెప్పొచ్చు. పులిచర్మం, జింక మాంసం కేసుల కోసం పుట్టిన పద్ధతి. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ 1996లో మొదలై తొలి ఏళ్లు నాచారంలోనే నడిచింది. నాంపల్లికి పోయి మళ్లీ ఉప్పల్‌కే వచ్చింది. ముంగిస వెంట్రుకతో చిత్రకారుల కుంచెలు చేసేవాళ్ల మీద 2019లో దేశమంతా దాడులు జరిగాయి. ముంగిస చట్టం కాపాడే జంతువు గనక అక్కడ ‘ఏ వెంట్రుక?’ అని సర్కారే అడిగింది. గడ్డం బ్రష్షు విషయంలో అంత ల్యాబు కూడా అక్కర్లేదు. తయారుచేసినవాడికి తెలుసు, రాస్తే చాలు.

రాసేదాకా కొనేవాళ్లు చూసుకోగలిగింది కొంత ఉంది. ఒక్క వెంట్రుక లాగి అగ్గిపుల్లకు చూపిస్తే, ప్లాస్టిక్ అయితే కరిగి ఉండ కడుతుంది. జంతువుదైతే వెంట్రుక కాలిన కంపు కొట్టి, నలిపితే బూడిదవుతుంది. ఏ జంతువన్నది మంట చెప్పదు. పందిబొచ్చు కొస చూస్తే చీలి ఉంటుంది, మొదట్లో లావు. బ్యాడ్జర్ మధ్యలో లావై రెండు కొసలా సన్నబడుతుంది. నల్లచారని మాత్రం నమ్మొద్దు, అది రంగుతో వస్తుంది. తెల్లగుడ్డని తడిపి రుద్ది చూడండి. రంగు దిగితే ఆ చార వేసిందే. ఇంత తంటా వద్దనుకునేవాళ్లకు ప్లాస్టిక్ పోగులది ఉంది. ఈమధ్య మెత్తగానే వస్తున్నాయి, తొందరగా ఆరతాయి. మా ఇంట్లో వాడేది అదే.