పచ్చని తెట్టు

చెరువు నీటిపై పాచి కట్టుట మనకు క్రొత్త గాదు. కడవ ముంచుటకు ముందు దానిని చేతితో ప్రక్కకు నెట్టుట పల్లెలలో అలవాటే. ఆ పాచిలో ప్రాణము తీయగల జాతియు కలదని శాస్త్రలోకమునకు మొట్టమొదట వ్రాసి తెలిపినవాడు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరవాసి జార్జి ఫ్రాన్సిస్.

ముర్రే నది సముద్రమున కలియుటకు ముందు అలెగ్జాండ్రినా సరస్సుగా విస్తరించును. ఆ సరస్సుపై ఆకుపచ్చని నూనెరంగువలె దట్టమైన తెట్టు కట్టినదనియు, గాలికి ఒడ్డు చేరిన ఆ తెట్టును నీటితో త్రాగిన గొఱ్ఱెలు, గుఱ్ఱములు, పశువులు మరణించినవనియు ఆయన 1878లో ‘నేచర్’ పత్రికకు వ్రాసెను. ఊహతో తృప్తిపడక ఒక గొఱ్ఱెకు ఆ తెట్టును పట్టించి చూచెను, అది చచ్చెను. పాపము గొఱ్ఱె! కాని సందేహము తీరినది.

విషమని తెలిసినను, ఈ నాచు ఇంతగా ఏల ప్రబలునో తేలుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. 1960 తరువాతి సంవత్సరములలో అమెరికా, కెనడాల నడుమనున్న ఈరీ సరస్సు నాచుతో నిండిపోగా, అది చచ్చిన సరస్సని పత్రికలు వ్రాసినవి. మురుగునీటితోను, బట్టలుతుకు సబ్బుపొడులతోను వచ్చిపడు భాస్వరమే కారణమని కొందరనిరి. కాదు, కర్బనమని సబ్బుపొడి వ్యాపారుల పక్షమువారు వాదించిరి. ఇది నోటిమాటలతో తీరు తగవు కాదు.

కెనడాలోని అంటారియో రాష్ట్రమున 226 అను అంకెయే పేరుగా గల చిన్న సరస్సొకటి కలదు. దాని నడుము సన్నము. 1973లో డేవిడ్ షిండ్లరును, ఆయన తోడివారును ఆ సన్నని చోట ప్లాస్టిక్ తెర దించి సరస్సును రెండు చేసిరి. ఒక ప్రక్క కర్బనము, నత్రజని కలిపిరి. రెండవ ప్రక్క ఆ రెంటితోపాటు భాస్వరమును కలిపిరి. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములో తెరకు ఒకవైపు నల్లని తేటనీరు, మరొకవైపు చిక్కని పచ్చదనము! మేము చూచిన శాస్త్రచిత్రములలో ఇంత సూటిగా మాటాడినవి అరుదు. అంతకు ముందటి ఏడే ఉభయ దేశములు భాస్వరమును తగ్గించుటకు ఒడంబడిక చేసికొనియుండెను. ఈ ప్రయోగము దానికి బలమైనది. 1980 తరువాత ఈరీ సరస్సు చాలవరకు తేరుకొన్నది.

కథ అక్కడనే ముగిసినచో బాగుండెడిది. 1990 దాటిన కొన్నేండ్లకు నాచు మరలివచ్చినది. ఈమారు ప్రధాన కారణము పట్టణపు మురుగు కాదు. పొలములపై చల్లిన ఎరువులు, పశువుల పెంట వాననీటిలో కరగి మామీ నదిద్వారా సరస్సు చేరుచుండెను. 2014 ఆగస్టులో టొలీడో నగరపు కొళాయి నీటిలో మైక్రోసిస్టిన్ అను విషము కనిపించగా, నాలుగు లక్షలకు పైబడిన జనులు సుమారు మూడు దినములు ఆ నీరు త్రాగరాదని ఆజ్ఞ అయినది. కాచిన నీరు మంచిదని మన పెద్దలు చెప్పుదురు గదా; ఈ విషము కాచినను పోదు, నీరు ఇగిరినకొలది మరింత చిక్కనగును.

భాస్వరమును 2008 నాటి లెక్కనుండి 40 శాతము తగ్గింపవలెనని 2016లో ఇరుదేశములు నిశ్చయించినవి. మురుగు కాలువకు మూతి ఒక్కటి. పొలములకు వేల మూతులు. అందుచేత పని నెమ్మది. నత్రజనినికూడ అదుపు చేయవలెనని వాదించు శాస్త్రజ్ఞులును కలరు. వసంతకాలపు వానలకు మామీ నది మోసికొనివచ్చు భాస్వరమును లెక్కకట్టి, రానున్న వేసవిలో నాచు ఎంతయుండునో అచ్చటి శాస్త్రజ్ఞులు ముందుగానే చాటుచున్నారు.