గ్రూపు ఫోటో

మా అయ్య డప్పు కొట్టేటోడు. ఈ ఒక్క మాట రాయడానికి నాకు యాభై ఏళ్లు దాటినయి. బడి రిజిస్టర్ల, సర్టిఫికెట్ల తండ్రి వృత్తి అని ఉన్నచోట ‘వ్యవసాయ కూలీ’ అని రాయించుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు. ఏడాదిల పది నెలలు ఆయన కూలికే పోయేటోడు. కానీ ఊళ్లె పీనుగ లేచినా, పెండ్లి జరిగినా, బొడ్రాయి పండుగ చేసినా, చాటింపు వెయ్యాలన్నా ఊరికి యాదికొచ్చేది ఆయన చేతుల డప్పే.

నా చేత ఈ మాట చెప్పించింది ఒక అమెరికా డాక్యుమెంటరీ. నేను పాఠాలు చెప్పే కాలేజీల మన పిల్లలు అంబేద్కర్ జయంతికి ఏదన్నా సినిమా వేద్దామని ‘టైమ్ ఈజ్ ఇల్‌మాటిక్’ తెచ్చారు. 2014లో వచ్చింది. తీసినాయన వన్‌నైన్, రాసినాయన ఎరిక్ పార్కర్. నాస్ అనే నల్లజాతి ర్యాపర్ కథ. ‘సార్, పేదరికంలకెల్లి పైకొచ్చినోని కథ, మనోళ్లకు హుషారొస్తది’ అన్నడు ఒక పిల్లగాడు. నాకు ఆ ‘పైకొచ్చినోని కథ’ అంటేనే అనుమానం. వాడలకెల్లి ఒక్కడు కలెక్టరైతే పేపర్లు నెల రోజులు రాస్తయి. మిగిలిన నూరుమంది ఎందుకు కాలేదన్న ప్రశ్నను ఆ ఒక్కని ఫోటో కింద దాచిపెడతయి. ఇదీ అసొంటిదే అనుకుని వెనక బెంచీల కూసున్న.

నాస్ అసలు పేరు నసీర్ జోన్స్. 1973 సెప్టెంబరు 14న పుట్టాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఆయన పుట్టడానికి నెల రోజుల ముందు, ఆగస్టు 11న, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే బిల్డింగులో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడికి కొత్తబట్టలు కొనుక్కునేందుకు టికెట్టు పెట్టి పార్టీ చేసింది. రికార్డులు వేసింది ఆమె అన్న, జమైకా నుంచి వలసొచ్చిన కూల్ హెర్క్. పాటలో మాట ఆగి, డ్రమ్ము ఒక్కటే మోగే చిన్న ముక్క వచ్చినప్పుడే జనం ఎగిరి ఆడుతున్నారని ఆయన పసిగట్టాడు. ఒకే రికార్డును రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాని మీద ఆ ముక్క అయిపోంగనే రెండోదాని మీద అందుకుని దాన్ని సాగదీశాడు. ఆ దరువు మీద మైకు పట్టుకుని మాట్లాడటం మొదలైంది. హిప్‌హాప్ పుట్టుకను ఆ రాత్రి నుంచే లెక్కపెడతారు. అప్పటికి బ్రాంక్స్ గుండెల మీదుగా హైవే వేసి వేలాది కుటుంబాలను లేపేశారు. 1970లలో ఇన్సూరెన్సు పైసల కోసం ఇంటి ఓనర్లే బిల్డింగులు తగలబెట్టిన సంగతులున్నయి. ఆ బూడిదల పుట్టిన పాట ఇది.

ఇండ్లు కూలగొట్టిన సర్కారే పేదలకు ఇండ్లు కట్టిందీ ఉంది. నాస్ పెరిగిన క్వీన్స్‌బ్రిడ్జ్ అట్లాంటిదే. 1939లో తెరిచారు. 96 బిల్డింగులు, మూడు వేలకు పైగా ఇండ్లు. అమెరికాలోనే అతిపెద్ద సర్కారు ఇండ్ల సముదాయం. మొదట్ల ఎక్కువ తెల్లోళ్లే ఉండేటోళ్లు. 1950లలో ఆదాయం పెరిగిన కుటుంబాలను వేరేచోటికి పంపించారు. పోయినోళ్లల్ల ఎక్కువ తెల్లోళ్లు, వచ్చినోళ్లల్ల ఎక్కువ నల్లోళ్లు. చట్టంలో ఎక్కడా వెలి అని రాయకుండానే వెలివాడ తయారైంది. వంతెన కింద, నది ఒడ్డున. నదికి అవతల మాన్‌హట్టన్ మేడలు రాత్రిపూట మెరుస్తుంటయి. మా వాడ ఊరికి దిగువన ఉంటది. మా గుడిసెల ముందు నిలబడితే దొర గడీ కనిపించేది. సినిమాల ఆ నది చూసినప్పుడు నాకు దూరం సంగతి అర్థమైంది. వెలి అంటే కంటికి కనిపించనంత దూరం కాదు. కనిపిస్తది, అందదు. అంత దూరం.

తండ్రి ఒలూ దారా సంగీతకారుడు, కార్నెట్ వాయిస్తాడు. మిసిసిపీల పుట్టి ఉత్తరానికి వచ్చాడు. 1910 నుంచి 1970 దాకా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి చేన్లు, చెట్లకు ఉరితీసే మూకలు భరించలేక అరవై లక్షల మంది నల్లోళ్లు ఉత్తరానికి వలసపోయారు. ఆ తోవనే ఆయనా వచ్చాడు. తల్లి ఆన్ జోన్స్ పోస్టాఫీసుల కొలువు. భర్త ఇల్లు విడిచిపోయినంక ఇద్దరు కొడుకులను ఆమే సాదింది. నాస్ ఎనిమిదో తరగతిల బడి మానేశాడు. తమ్ముడు జబారీ, అందరూ జంగిల్ అని పిలిచేటాయన, ఆయనా మానేశాడు. తండ్రి అడ్డుపడలేదు. ఆ బడి తన పిల్లలను బతకనియ్యదని ఆయన నమ్మాడు.

ఇక్కడ మా పిల్లలల్ల గొడవయింది. ‘బాబాసాహెబ్ చదువుమన్నడు, ఈయన బడి మానుమంటడేంది?’ అని ఒక అమ్మాయి లేచి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివిన కొలంబియా యూనివర్సిటీ ఆ నదికి అవతలి ఒడ్డు మాన్‌హట్టన్‌లోనే ఉంది. 1946లో ఆయన నల్లజాతి మేధావి డూ బోయిస్‌కు ఉత్తరం రాసి, నీగ్రోల సమస్యకూ అంటరానోళ్ల సమస్యకూ ఉన్న పోలికను ఎత్తిచూపాడు. నేను ఆ అమ్మాయికి ఒకటే చెప్పిన. నాస్ బడి మానిండు గని చదువు మానలేదు. ఇంట్ల తండ్రి పుస్తకాలుండె. మా ఇంట్ల ఏముండె? బడి తప్ప మాకు పుస్తకం దొరికే తావు లేదు. అందుకే బడిల ఎన్ని అవమానాలైనా మింగి కూసున్నం. ఆ తండ్రి మాట మనకు పనికిరాదు. బడి పిల్లగాన్ని చంపుతదన్న ఆయన భయం మాత్రం మనదే.

1980ల నడుమ క్రాక్ వచ్చింది. కొకైన్‌ను ఉడకబెట్టి గడ్డకట్టించి అగ్గువకు అమ్మే సరుకు. వాడ మొత్తం దాని పాలైంది. 1986ల చట్టం చేశారు. 5 గ్రాముల క్రాక్ దొరికితే కనీసం ఐదేళ్ల జైలు. పొడి కొకైన్‌కు అదే శిక్ష పడాలంటే 500 గ్రాములు దొరకాలె. పొడి తెల్లోళ్ల పార్టీలల్ల, గడ్డ నల్లోళ్ల గల్లీలల్ల అని అందరికీ తెలుసు. 2010ల ఆ నూరు రెట్ల తేడాను పద్దెనిమిది రెట్లకు తగ్గించారు, అంతే. చట్టం తూకంరాళ్లు ఎట్లుంటయో మనకు వేరే చెప్పాల్నా? 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మందిని నరికి చంపితే, 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014ల హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ సినిమా వచ్చిన ఏడే అది.

నాస్‌కు పైఅంతస్తుల ఒక దోస్తు ఉండె, విల్ అని. రికార్డులు, టర్న్‌టేబుళ్లు అతనివే. నాస్ మాటలకు మొదటి దరువు వేసింది అతనే. 1992 మేల విల్‌ను వాడలనే కాల్చి చంపారు. అదే రాత్రి జంగిల్‌కూ తూటా తగిలింది, బతికిండు. రెండేళ్లకు, 1994 ఏప్రిల్ 19న, ‘ఇల్‌మాటిక్’ ఆల్బమ్ వచ్చింది. పది ముక్కలు, నలభై నిమిషాలు. అందులో ఒక పాట మొత్తం జైల్ల ఉన్న దోస్తులకు రాసిన ఉత్తరాలే. ఒక పాటల చివర తండ్రి కార్నెట్ మోగుతది. కానీ ఆ పాట పేరులోనే ఆడదాన్ని తిట్టే మాట ఉంది. తల్లి పోస్టాఫీసు జీతం మీద పెరిగిన కొడుకులు ఆ మాట ఎట్ల పాడిరని మన అమ్మాయిలు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మన ఉద్యమ పాటలల్ల, మన మీటింగులల్ల ఆడోళ్ల జాగ ఎంతనో లెక్కతీస్తే మనదగ్గరా జవాబు లేదు.

ఆల్బమ్ మొదట్ల మెల్లగనే అమ్ముడుపోయింది. తర్వాత చరిత్రయింది. 2013ల హార్వర్డ్ యూనివర్సిటీల నాస్ పేరు మీద ఫెలోషిప్ పెట్టారు. 2021ల లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ ఆల్బమ్‌ను దాచుకోదగ్గ రికార్డుల జాబితాల చేర్చింది. అదే ఏడు ఆయనకు మొదటి గ్రామీ వచ్చింది. ఇదంతా ‘పైకొచ్చుడు’. సినిమా ఇక్కడికే ఆగితే నేను మర్చిపోయేటోన్ని.

కానీ అందులో ఒక ఫోటో ఉంది. ఆల్బమ్ కోసం వాడల తీసిన గ్రూపు ఫోటో. నాస్ చుట్టూ వాడ పిల్లలు. తమ్ముడు జంగిల్ ఆ ఫోటో పట్టుకుని ఒక్కొక్కరి మీద వేలు పెట్టి చెప్తడు. వీడు జైల్ల ఉన్నడు, వీనికి ఇన్నేండ్లు పడ్డయి, వీడు మొన్ననే బయటికొచ్చిండు అని. అరవడు, ఏడ్వడు. రేషన్ కార్డుల పేర్లు చదివినట్టు చదువుతడు. ప్రపంచమంతా తిరిగొచ్చిన అన్న కాదు, వాడను కనిపెట్టుకునున్న తమ్ముడు చెప్తడు ఆ లెక్క.

ఆ రాత్రి ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తీసిన. 1987, పదో తరగతి గ్రూపు ఫోటో. మూడు వరుసలు, ముందల కుర్చీలల్ల సార్లు. మా హాస్టలు పిల్లలం తొమ్మిది మందిమి వెనక వరుసల ఉన్నం. తొమ్మిది మందిల నా ఒక్కని సంగతే నాకు తెలుసు. ఇరవై ఏండ్లు చరిత్ర పాఠం చెప్పినోన్ని. సిగ్గయింది.

ఆదివారం ఊరికి పోయి ఫోటో తమ్ముని చేతిల పెట్టిన. వాడు ఏడో తరగతిల బడి మాని అయ్యతోని కూలికి పోయిండు. వాడు మానబట్టే నేను చదివిన. వాడు అద్దాలు పెట్టుకుని వేలు పెట్టి మొదలుపెట్టిండు. ‘గీయిన పత్తికి అప్పు జేసి, పురుగు తగిలి, ఆ మందే తాగిండన్నా. నువ్వు సావుకు రాలె. గీయిన భివండి పోయిండు, మగ్గాల మీద, ఊపిరితిత్తులు ఖరాబై తిరిగొచ్చిండు. గీయిన దుబాయిల ఉన్నడు, పెండ్లాం బీడీలు జేస్తది. గీయిన పోలీసు కేసుల తిరిగి తిరిగి మతి దప్పిండు. గీయినకు హమాలి పని, బాగనే ఉన్నడు, నిన్ను అడుగుతుంటడు.’ తొమ్మిదిల ముగ్గురు లేరు. వాడు చెప్తుంటే నేను రాసుకున్న. చివరికి ఫోటో ఎడమ అంచున వేలు పెట్టి ‘ఇది జూసినవా?’ అన్నడు. నేను ఎప్పుడూ చూడలేదు. అంచుల సగం తెగిన డప్పు. దాని మీద ఒక చెయ్యి.

అది అయ్య చెయ్యి. ఆనాడు బడి వార్షికోత్సవం. పెద్దమనిషి ఎవరో వస్తున్నడని స్వాగతానికి డప్పులు పెట్టిచ్చారు. పైసలియ్యలేదు. అయ్య గేటుకాడ గడ్డి మంట మీద డప్పు కాక చేసుకుంటుంటే, దోస్తులు ‘అగో మీ నాయిన’ అంటరేమోనని నేను బాత్రూముల ఎనుక దాక్కున్న. ఫోటోకు పిలిచినప్పుడే బయటికొచ్చిన. ఆయన నన్ను చూసిండు. చూడనట్టే సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని కొట్టుకుంట పక్కకు జరిగిండు. నా పరువు కాపాడిండు. ఆయన బతికున్నన్ని రోజులు మేమిద్దరం ఆ ముచ్చట ఎత్తలేదు.

డప్పును ఇప్పుడు కళ అంటున్నం, సంస్కృతి అంటున్నం. బాగుంది. కానీ ఒక తేడా మరువద్దు. నాస్ మైకును తానే పట్టిండు. మా అయ్య చేతికి డప్పును ఊరు పెట్టింది. అది వెట్టి. కొట్టకుంటే కూలి బందు. చెయ్యి మీద ఎంత విద్య ఉన్నా అది అడిగి చేయించుకున్న కళ కాదు, బెదిరించి చేయించుకున్న చాకిరీ. ఆ డప్పును వెట్టి నుంచి విడిపించింది ఉద్యమమే. ‘ఇల్‌మాటిక్’ వచ్చిన ఏడే, 1994 జూలై 7న, ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోరా మొదలైంది. ఊరి చాటింపుకు మోగిన డప్పు మన చాటింపుకు మోగింది. అయ్య ఒకసారి దండోరా మీటింగుకు పోయొచ్చి, ‘పీనుగ లేకుంట డప్పు గొట్టిన ఇయ్యాల’ అని నవ్విండు.

ఇయ్యాల ర్యాప్ మనోళ్ల నోట్లకూ వచ్చింది. 2018 జనవరిల చెన్నైల పా. రంజిత్ చొరవతోని ‘క్యాస్ట్‌లెస్ కలెక్టివ్’ మొదటిసారి వేదిక ఎక్కింది. అందులకెల్లి వచ్చిన అరక్కోణం పిల్లగాడు అరివు, శ్రీలంక తేయాకు తోటల్ల కూలిచేసి తిరిగొచ్చిన తన ఇంటి ముసలమ్మ ముచ్చట్లతోని 2021ల ‘ఎంజాయ్ ఎంజామి’ రాసి పాడిండు. కోట్ల మంది విన్నారు. అదే ఏడు ఆగస్టుల ఒక పేరుమోసిన సంగీత పత్రిక ఆ పాట పేరెత్తి అట్టమీద బొమ్మ వేస్తే అందుల అరివు మొఖం లేదు. రంజిత్ నిలదీసినంక తర్వాత వేరే అట్ట వేశారు. పాట కావాలె, పాడినోడు వద్దు. డప్పు కావాలె, కొట్టినోన్ని ఫోటోలకెల్లి సగానికి కోస్తరు.

అందుకే విద్యార్థులకు, కార్యకర్తలకు నేను చెప్పేది ఇదే. పైకొచ్చినోని చరిత్ర రాయండి, వద్దనను. కానీ ఒక్కడే ఉన్న ఫోటో పెట్టి రాయకండి. మీ ఊరి బడి గ్రూపు ఫోటో తీసుకుని, ఊరు విడిచిపోని తమ్మునికాడికో చెల్లెకాడికో పోయి కూసోండి. వేలు పెట్టి చూపిస్తుంటే రాసుకోండి. ఎవరు ఏమైన్రు, ఎందుకైన్రు, ఎవని భూమి ఎవని చేతికి పోయింది, ఏ అప్పు, ఏ కేసు, ఏ మందు డబ్బా. మన చరిత్ర ఏ ఆర్కైవుల లేదు, వాళ్ల నోట్ల ఉంది. అంచులు కూడా చూడండి.

మొన్న నా బిడ్డ ఏదో దరఖాస్తు నింపుతూ ‘తాత ఏం పని చేసేటోడు?’ అని అడిగింది. డప్పు కొట్టేటోడు, కూలి చేసేటోడు, రెండూ రాయుమన్న.