పత్తర్‌గట్టి నీడలో నడక

మా చాండ్లర్ డౌన్‌టౌన్‌లో పార్కు చుట్టూ ఉన్న పాత దుకాణాల ముందు స్తంభాల వసారాలు కనిపిస్తాయి. ఈ ఊరికి పేరిచ్చిన డాక్టర్ అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ కెనడాలో పుట్టిన పశువైద్యుడు. 1887లో అరిజోనా టెరిటరీకి పశువుల డాక్టరుగా వచ్చి, కాలవలు తవ్వించి, వేల ఎకరాల భూస్వామి అయ్యాడు. 1912 మే నెలలో ఆ భూమిని ముక్కలు చేసి అమ్మకానికి పెట్టినప్పుడు మధ్యలో పార్కు, చుట్టూ అంగళ్ళు, అంగళ్ళ ముందు నడిచేవాళ్ళకు నీడ ఉండేలా ఊరి నమూనా గీయించాడు. ఇక్కడి జూన్ ఎండ తిన్నవాడు కాబట్టి ఆ నీడ విలువ ఆయనకు తెలుసు.

సరిగ్గా అదే 1912లో హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేసిన పనుల్లో పత్తర్‌గట్టి ఒకటి. మదీనా నుంచి చార్మినార్ వైపు వెళ్ళే రోడ్డుకు రెండువైపులా రాతి కమానుల వసారాలు, వాటి లోపల దుకాణాలు, పైన మరో అంతస్తు. చాండ్లర్ గారికి హైదరాబాదు సంగతి తెలిసి ఉండదు, నిజాం గారికి చాండ్లర్ సంగతి అసలే తెలిసి ఉండదు. ఎండ ఇద్దరిదీ ఒకటే కాబట్టి జవాబూ ఒకటే వచ్చింది. ఈ పోలిక తట్టిన దగ్గర్నుంచి ఆ బజారు చరిత్ర మీద నాకు ఆసక్తి పెరిగింది.

చార్మినార్ కట్టింది 1591లో అని మనం చిన్నప్పుడు బట్టీ పట్టినదే. దాని చుట్టూ ఊరిని ఎలా గీశారన్నది మాత్రం పాఠాల్లో పెద్దగా ఉండేది కాదు. మహమ్మద్ కులీ కుతుబ్‌షాకు పేష్వాగా ఉన్న మీర్ మొమిన్ అస్తరాబాదీ ఈ నగరానికి నమూనా ఇచ్చాడంటారు. నాలుగు దిక్కులకూ నాలుగు రాజమార్గాలు, అవి కలిసేచోట చార్మినార్. దానికి కొంచెం ఉత్తరాన గుల్జార్ హౌజ్ అనే నీటితొట్టి, దాని చుట్టూ 1592లో కట్టిన నాలుగు పెద్ద కమానులు. అదంతా రాజభవనాల ముందరి మైదానం. ఏనుగులు, పల్లకీలు, ఊరేగింపులు, వాటి వెనక కాలినడకన జనం. ఇంజనీరు భాషలో చెప్పాలంటే ఆ వీధుల డిజైన్ స్పెసిఫికేషన్‌లో చక్రాల బండి ఉన్నా, మోటారు లేదు.

1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. భవనాలు పోయాయి, మైదానం మూసుకుపోయింది, కమానులు నిలిచాయి. బజారూ నిలిచింది. రాజులు మారినా గాజులు కొనేవాళ్ళు మారలేదు మరి.

చార్మినార్ నుంచి పడమటికి మహబూబ్ చౌక్ వైపు వెళ్ళే లాడ్ బజార్‌కు ఆ పేరు లక్క నుంచి వచ్చిందని కొందరు, గారాబం అనే అర్థమున్న ఉర్దూ మాట నుంచి వచ్చిందని కొందరు అంటారు. నా ఓటు లక్కకే. ఎందుకంటే ఈనాటికీ అక్కడ బతుకు లక్క మీదే నడుస్తోంది. బొగ్గుల మీద లక్క కరిగించి, చుట్టుగా మలిచి, వేడి ఆరకముందే రాళ్ళూ అద్దాలూ ఒక్కొక్కటిగా పొదుగుతారు. ఆ పని వెనక సందుల్లో, చిన్న గదుల్లో, ఎక్కువగా ముస్లిం కుటుంబాల్లో జరుగుతుంది. తళతళలు వీధిలో, పొగ లోపల.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ దెబ్బతో నగరం గురించి కొత్తగా ఆలోచించక తప్పలేదు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి జలాశయాలు కట్టాలన్నారు. 1920కల్లా ఉస్మాన్‌సాగర్ వచ్చింది. అటు ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి రోడ్లు వెడల్పు చేసింది. అలా తయారైన పత్తర్‌గట్టిలో నాకు నచ్చేది దాని తెలివి. రోడ్డు బండికి, వసారా మనిషికి. కొనేవాడికి ఎండావానా తగలవు, గోడకు సూర్యుడు నేరుగా తగలడు కాబట్టి దుకాణం లోపల చల్లగా ఉంటుంది. కరెంటు ఖర్చు లేని ఎయిర్ కండిషనింగ్ అన్నమాట.

కానీ ఆ వసారాలోకి మొదట దుకాణం సరుకు వచ్చింది. తర్వాత దుకాణం ముందు ఇంకో చిన్న దుకాణం వచ్చింది. మనిషి రోడ్డు మీదికి దిగాడు. ఆ రోడ్డు మీదికి ఆటోలు, స్కూటర్లు, బస్సులు వచ్చాయి. 1970ల తర్వాత పుట్టిన మనలో ఎక్కువమందికి గుర్తున్న చార్మినార్ అదే. హారన్ల మధ్య, పొగ మధ్య, ఒక చేత్తో అమ్మ కొంగు పట్టుకుని చూసిన చార్మినార్.

ఇదే రోగం యూరప్‌కీ వచ్చింది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ అనే వీధి ఉంది. ఒక్క వీధి కాదు, కిలోమీటరుకు కొంచెం పైగా సాగే వీధుల గొలుసు. 1962 నవంబరులో అక్కడ కార్లను ఆపేశారు, అదీ ప్రయోగంగా. మనమేమన్నా ఇటలీవాళ్ళమా, ఈ చలిలో వీధుల్లో తిరగడానికి అని అక్కడివాళ్ళే వెక్కిరించారు. వ్యాపారులు దివాలా తీస్తామన్నారు. తీయలేదు. 1964లో ప్రయోగం శాశ్వతమైంది. యాన్ గేల్ అనే ఆర్కిటెక్టు ఏళ్ళ తరబడి అక్కడ మనుషుల్ని లెక్కపెట్టాడు. ఎవరు నడుస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎంతసేపు కూర్చుంటున్నారు అని. 1962లో ఆ నగర కేంద్రంలో సుమారు 16 వేల చదరపు మీటర్లే కార్లు లేని చోటు. 1996కి అది 96 వేలు అయింది.

అమెరికా ఇంకా ముందే మొదలుపెట్టింది. మిషిగన్‌లోని కాలమజూ 1959లోనే ప్రధాన వీధిలో కార్లు ఆపింది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 1964లో ఆపింది. రెండూ తర్వాత వెనక్కి తగ్గాయి. కాలమజూ 1998లో కొంత భాగాన్ని, ఫ్రెస్నో 2017లో మొత్తం వీధిని మళ్ళీ కార్లకు తెరిచేశాయి. కారణం వెతకడానికి మనం దూరం పోనక్కర్లేదు. ఇళ్ళు దూరంగా, ఉద్యోగాలు ఇంకో దూరంగా పోయాక, ఆ వీధిలో నడవడానికి కూడా కారెక్కే వెళ్ళాలి! మా చాండ్లర్‌లోనూ ఆ పాత పార్కును అరిజోనా ఎవెన్యూ రెండుగా చీల్చుకుంటూ పోతుంది. 2001లో వచ్చిన ఫ్యాషన్ సెంటర్ మాలే ఇక్కడ అసలు నడక వీధి. మే నెలలో ఇండియా నుంచి దిగిన మన అమ్మానాన్నలు ఎండకు భయపడి నడిచేది అక్కడే, ఏమీ కొనకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు.

హైదరాబాదుకు ఈ కష్టం లేదు. జనం అక్కడే ఉన్నారు, ఎప్పుడూ ఉన్నారు. అయినా చార్మినార్ పాదచారుల పథకం 1990ల చివర్లో ఆలోచనగా మొదలై, చుట్టూ వాహనాలు ఆగి రాతి పలకలు పరుచుకునేసరికి 2010ల చివరి దాకా పట్టింది. కోపెన్‌హాగన్ ముందు కార్లు ఆపి, పని చేస్తోందో లేదో చూసి, తర్వాత రాళ్ళు పరిచింది. మనవాళ్ళు రాళ్ళ టెండర్ల దగ్గర మొదలుపెట్టారు. పని జరిగినందుకు సంతోషమే. కట్టడానికి ఆ ఊరట అవసరం కూడా. 2019 మేలో ఒక మీనారు నుంచి గచ్చు పెళ్ళ ఊడిపడటం మీకు గుర్తుండే ఉంటుంది.

నాకు మింగుడుపడనిది మరొకటి. పథకం మాట వచ్చినప్పుడల్లా ముందు కదిలించాలనుకునేది తోపుడు బండినీ, నేల మీద గుడ్డ పరిచి అమ్ముకునేవాణ్ణీ. కారు పోయిన చోటులోంచి వాణ్ణి కూడా పొమ్మంటే, ఆ ఖాళీ ఎవరి కోసం? ఫోటోలు తీసుకునే మనలాంటి ఎన్నారైల కోసమా? 2014లో పార్లమెంటు వీధి వ్యాపారులకు రక్షణ చట్టం చేసింది. సర్వే చేయాలి, చోటు చూపించాలి, ఊరికే లేపేయకూడదు అని. చట్టం చెప్పినట్టు చేస్తే బండి వీధికి అడ్డం కాదు, వీధిలో భాగం. అత్తరు, పండ్లు, వంద రూపాయల చెప్పులు అమ్మేవాడు లేని చార్మినార్‌కు మా అమ్మ అయితే వెళ్ళదు. ముత్యాల దుకాణం ఆవిడకు ఏడాదికొకసారి, బండి ప్రతిసారీ.

2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాలు అక్కడ పాటలూ తినుబండారాలతో వేడుకలు మొదలుపెట్టారు. కుటుంబాలు పిల్లలతో వచ్చి రోడ్డు మీద కూర్చున్నాయి. ఎవరూ నేర్పకుండానే.

హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మన అమ్మాయిలకు గాజులు తెప్పించుకునేటప్పుడు సైజు దగ్గర ఒక జాగ్రత్త. 2.4 అంటే రెండు పాయింట్ నాలుగు అంగుళాలు కాదు, రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంబావు. అందుకే 2.8 తర్వాత వచ్చే పెద్ద సైజు 2.10. మన సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ల లెక్కే. ఆన్‌లైన్‌లో ఇక్కడ చాలామంది తప్పుతారు. లాడ్ బజార్‌లో అయితే ఈ గొడవ లేదు, గాజులాయన చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి చూసి సరైన జత తీసిస్తాడు.